దూరదేశపు ఆనవాలు

సీతాన్వేషణకై సముద్రాన్ని లంఘించిన హనుమంతుడు లంకానగరంలోని అపార సంపదను కళ్ళారా చూశాడు. అయినా తిరిగి వచ్చేటప్పుడు ఆ సంపదలో దేనినీ ఆశించలేదు. సీతాదేవి కొంగుముడి విప్పి ఇచ్చిన చూడామణిని మాత్రమే తెచ్చి శ్రీరాముని చేతిలో ఉంచాడు. ఆ మణిని చూడగానే రాముడు తల్లిని, తనను, దశరథ మహారాజును స్మరిస్తాడని సీత పలికినట్లు వాల్మీకి రామాయణం చెబుతున్నది. ఒక చిన్న ఆభరణం ముగ్గురిని ఒక్కసారిగా మనసులో నిలపగలిగింది. వస్తువుకు గల ఈ శక్తిని తెలుగువారు ‘ఆనవాలు’ అనే చక్కని మాటతో వ్యక్తం చేశారు.

విదేశాలకు వెళ్ళినవారు తిరిగివస్తూ తమవారికోసం తెచ్చే కానుకలు కూడా ఇటువంటి ఆనవాళ్ళే. చదువుకోసం, ఉద్యోగంకోసం, విహారంకోసం సముద్రాలు దాటుతున్న తెలుగువారు నేడు లక్షల సంఖ్యలో ఉన్నారు. వారిలో చాలామంది కానుకల విషయం చివరిరోజు వరకు తలచుకోరు. విమానాశ్రయంలో చేతికందిన చాక్లెట్ డబ్బాలు నాలుగు కొని పెట్టె నింపుతారు. అవే డబ్బాలు మన ఊరి దుకాణంలోనూ దొరుకుతాయి. అవి తెచ్చినవారి ప్రయాణాన్నిగాని, పుచ్చుకున్నవారి అభిరుచినిగాని తెలుపవు. కానుకను ఎంచుకోవడానికి ధనంకంటె వివేకం ఎక్కువ అవసరం. ఆ వివేకం ఎటువంటిదో తెలుసుకోవాలంటే ముందుగా కానుక తెచ్చే ఆచారం ఎందుకు ఏర్పడిందో గ్రహించాలి.

పూర్వం కాశీయాత్ర ఎంతో కష్టసాధ్యం. ఊరిలో ఏ ఒకరిద్దరికో ఆ భాగ్యం లభించేది. వారు తిరిగివస్తూ మూత బిగించిన చిన్న రాగిచెంబులలో గంగాజలాన్ని తెచ్చేవారు. ఇంటికి చేరిన తరువాత సమారాధన చేసి, బంధుమిత్రులకు ఆ తీర్థాన్ని పంచేవారు. నేటికీ తిరుపతి వెళ్ళివచ్చినవారు లడ్డూను చిన్న చిన్న ముక్కలుగా చేసి ఇరుగుపొరుగుకు పంచుతారు. ఆ ముక్క పరిమాణాన్ని ఎవరూ కొలవరు. వెళ్ళినవారు తమను మరచిపోలేదని, యాత్రాఫలంలో తమకూ భాగం దక్కిందని సంతోషిస్తారు. వెళ్ళలేనివారికి ప్రయాణంలో వాటా ఇవ్వడమే కానుకలోని పరమార్థం.

ఈ భావన ఒక జాతీయాచారంగా స్థిరపడిన దేశం జపాన్. ప్రయాణం నుండి తెచ్చే కానుకను అక్కడివారు ‘ఒమియాగె’ అంటారు. ఈ మాటను రాసే రెండు చిత్రాక్షరాలకు ‘నేల’, ‘పంట’ అని అర్థం. అనగా, ఒక నేలలో పుట్టిన వస్తువు అన్నమాట. 1603 నుండి 1868 వరకు సాగిన ఎడో యుగంలో జపాను ప్రజలకు ఇసే పుణ్యక్షేత్ర దర్శనం జీవితాశయంగా ఉండేది. అయితే సామాన్య రైతుకు అంత దూరప్రయాణపు ఖర్చు భరించే శక్తి లేదు. అందువల్ల గ్రామస్థులు కూటములుగా ఏర్పడి తలాకొంత ధనం పోగుచేసేవారు. చీటీలు వేసి, పేరు వచ్చినవారిని తమ ప్రతినిధులుగా యాత్రకు పంపేవారు. ఆ యాత్రికులు తిరిగివస్తూ, ధనమిచ్చిన ప్రతి ఇంటికీ ఇసే ఆలయపు రక్షాపత్రాలను తెచ్చేవారు. కాలినడకన పోయే ఆ రోజులలో తినుబండారాలు ఇంటికి చేరేలోగా పాడైపోయేవి. 1872లో జపానులో తొలి రైలుమార్గం ప్రారంభమై, క్రమంగా రైళ్ళు విస్తరించిన తరువాత మిఠాయిలు కూడా ఒమియాగెలో ప్రధాన స్థానం పొందాయి.

ఇసే పట్టణంలో లభించే ‘అకాఫుకు’ అనే మిఠాయి ఇందుకు మంచి ఉదాహరణ. 1707 నుండి తయారవుతున్నట్లు చెప్పే ఈ మిఠాయిలో మెత్తని బియ్యపుముద్దపై ఎర్రచిక్కుడు గింజల తీపిముద్దను అద్దుతారు. దానిపై వేళ్ళతో తీర్చిన గీతలు ఆలయం చెంత ప్రవహించే ఇసుజు నదీతరంగాలకు, లోపలి తెల్లని ముద్ద నది అడుగున ఉండే గులకరాళ్ళకు సంకేతాలు. మిఠాయి తిన్నవారు నదిని కూడా తలచుకుంటారు. నేడు జపాను రైల్వేస్టేషన్లలో ఏ ప్రాంతపు మిఠాయిలు ఆ ప్రాంతపు పేరుతో అమ్ముతారు. కార్యాలయంలో అందరికీ పంచడానికి అనువుగా ఒక్కొక్క మిఠాయిని విడివిడిగా కాగితంలో చుట్టి పెట్టెలో అమరుస్తారు.

ఈ ఆచారం నుండి మనం గ్రహించదగిన మొదటి సూత్రం: కానుక ఆ నేలలో పుట్టినదై ఉండాలి. ఇది మన సాహిత్యానికీ పరిచితమైన భావమే. శ్రీనాథుడు హరవిలాసాన్ని అంకితమిచ్చిన అవచి తిప్పయసెట్టి సముద్రవ్యాపారంలో ప్రసిద్ధుడు. అతడు సింహళం నుండి ఏనుగులను, హురుమంజి నుండి గుర్రాలను, చీనా నుండి పట్టువస్త్రాలను తెప్పించేవాడని ఆ కావ్యంలో వర్ణన ఉంది. ఏ దేశపు ప్రత్యేకత ఏదో తెలిసిన వర్తకుడతడు. నేటి యాత్రికునికీ ఆ తెలివిడి అవసరం. పర్యాటక స్థలాలలో ఆ ప్రాంతపు పేరు ముద్రించి అమ్మే వస్తువులు అనేకం మరెక్కడో యంత్రాలపై తయారైనవే. వస్తువును కొనేముందు అది ఎక్కడ తయారైందో చీటీపై చదవాలి; వీలైతే తయారుచేసిన వారివద్దనే కొనాలి.

జపాను ఉత్తరప్రాంతంలోని ఉష్ణజలకుండాల వద్ద ‘కొకెషి’ అనే కొయ్యబొమ్మలు అమ్ముతారు. వాటికి చేతులు, కాళ్ళు ఉండవు. గుండ్రని తల, నిడుపాటి మొండెం మాత్రమే ఉంటాయి. వడ్రంగులు తరిమెనపై కొయ్యను తిప్పుతూ వాటిని మలుస్తారు. వాటిని చూసిన తెలుగువానికి అంకుడుకర్రను తరిమెన పట్టి, లక్కరంగులద్దే మన ఏటికొప్పాక బొమ్మ గుర్తుకు రాక మానదు. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. మన ఊరికి వచ్చిన విదేశీయుడు నకిలీ బొమ్మను కొంటే ఏటికొప్పాక కళాకారుని కూలి ఎవరి పాలవుతుందో ఆలోచించండి. విదేశంలో మనం నకిలీని కొన్నప్పుడు అక్కడి పనివానికి జరిగే అన్యాయం కూడా అదే.

రెండవ సూత్రం: కానుక పుచ్చుకొనేవారికి తగినదై ఉండాలి. మధుమేహం ఉన్న తాతగారికి మిఠాయి పెట్టె, చూపు మందగించిన నాయనమ్మకు సన్నని అక్షరాల పుస్తకం ప్రేమకు బదులు పరాకును సూచిస్తాయి. కానుకలకు సంబంధించిన నమ్మకాలు కూడా దేశదేశానికీ భిన్నంగా ఉంటాయి. చైనావారికి గడియారాన్ని బహూకరించరాదు. ‘గడియారం ఇవ్వడం’ అనే మాట వారి భాషలో ‘అవసానకాలంలో సేవచేయడం’ అనే మాటలాగే ధ్వనిస్తుంది. జపాను భాషలో నాలుగు అనే సంఖ్యకు, మరణానికి ఒకే ఉచ్చారణ ఉండటంవల్ల నాలుగేసి వస్తువులను ఇవ్వరు. మనం ఆ దేశాలలో ఆతిథ్యమిచ్చినవారికి కానుకలు తీసుకువెళ్ళేటప్పుడు ఈ సంగతులను గుర్తుంచుకోవాలి.

మూడవ సూత్రం: కానుక ధర్మబద్ధమైనదై ఉండాలి. జపానులోని నాగసాకి నగరంలో సముద్రపు తాబేటిచిప్పతో అందమైన దువ్వెనలు చేసేవారు. ఆ అందానికి మూలం అంతరించిపోతున్న ఒక ప్రాణి మరణం. ఇటువంటి జీవులను కాపాడటానికి 1973లో వాషింగ్టన్‌లో ‘సైటీస్’ అనే అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది. 1975లో అది అమలులోకి వచ్చింది. 1976లో భారతదేశం అందులో చేరింది. ఏనుగు దంతం, తాబేటిచిప్ప, కొన్ని రకాల పగడాలు వంటి వస్తువులను దుకాణదారుడు బహిరంగంగా అమ్మినంత మాత్రాన సరిహద్దు దాటించే హక్కు కొన్నవారికి రాదు.

ప్రాచీన విగ్రహాలు, శిల్పఖండాల విషయంలోనూ ఇంతే జాగ్రత్త అవసరం. మన అమరావతి స్తూపపు శిల్పాలు వందకు పైగా లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. పుట్టినచోటు విడిచిన శిల్పం లేని లోటు ఎటువంటిదో తెలుగువారికి వేరే చెప్పనక్కరలేదు. కనుక మరొక జాతి వారసత్వాన్ని అలంకరణ వస్తువుగా తెచ్చుకోకూడదు. మొక్కలు, విత్తనాలు, మాంసపదార్థాలు తేవడానికి కూడా ఆంక్షలు ఉన్నాయి. వాటితో కంటికి కనిపించని తెగుళ్ళు దేశం దాటవచ్చు. సుంకం లేకుండా తేగల వస్తువుల విలువకు ప్రభుత్వం పరిమితి విధిస్తుంది. ఆ పరిమితి కాలానుగుణంగా మారుతుంటుంది కనుక ప్రయాణానికి ముందే తాజా నియమాలను తెలుసుకోవడం మంచిది.

ఈ మూడు సూత్రాలను పాటించినా చివరకు ఒక సంగతి మిగిలి ఉంటుంది. ఉత్తర తెలంగాణ జిల్లాల నుండి, కడప, గోదావరి ప్రాంతాల నుండి గల్ఫ్ దేశాలకు వలసపోయిన శ్రామికులు రెండు మూడేళ్ళకొకసారి ఇంటికి వస్తారు. అత్తరు సీసాలు, దుప్పట్లు, పిల్లలకు ఆటబొమ్మలు నింపిన పెట్టెలను తాళ్ళతో బిగించి తెస్తారు. మండుటెండలో చేసిన కష్టమంతా ఆ పెట్టెలలో ఉంటుంది. ఊరివారు ఏమనుకుంటారోనని అప్పుచేసి కానుకలు కొన్నవారు కూడా వారిలో ఉంటారు. గుమ్మంలో నిలిచిన మనిషి ముఖం చూడకముందే పెట్టెలు లెక్కపెడితే కానుక కప్పంగా మారుతుంది.

ఇసే యాత్రకు ధనం పోగుచేసిన గ్రామస్థులవలె, నగలు తాకట్టుపెట్టి కుమారుని విదేశానికి పంపిన తల్లికి కూడా అతని ప్రయాణంలో వాటా ఉంది. ఆ వాటాను ఖరీదైన వస్తువుతో తీర్చలేము. అతడు నివసించిన ఊరు ఎటువంటిది, అక్కడ ఏమి తిన్నాడు, కష్టకాలంలో ఎవరు ఆదుకున్నారు అన్న విషయాలను ఆమె వినాలని కోరుకుంటుంది. హనుమంతుడు చూడామణిని ఇచ్చి ఊరుకోలేదు. లంకలో తాను చూసినదంతా రామునికి విన్నవించాడు. కానుకను అందించి, దాని కథను కూడా పక్కన కూర్చుని చెప్పినప్పుడే ఇంటివద్ద ఉన్నవారికి ఆ ప్రయాణంలో న్యాయమైన భాగం ముడుతుంది.