దురదృష్టపు పందెం (పాచికల ఆటలు)

పాచికలు, గవ్వలు లేదా చింతపిక్కలు వేసి ఆడే ఆటలలో ఆటగాడికి నష్టం కలిగించే అంకె పడటాన్ని దురదృష్టపు పందెం అనవచ్చు. ఈ ఆటలలో గవ్వలు ఒకసారి వేయడాన్ని, అలా వేసినప్పుడు పడిన అంకెను కూడా పందెం అంటారు. తలపెట్టిన ఉపాయం ఫలించనప్పుడు "పాచిక పారలేదు" అనడం తెలుగులో వాడుక. నిజానికి ఏ అంకె కూడా తనంతట తాను చెడ్డది కాదు. ఆట నియమం దానికి ముడిపెట్టిన ఫలితాన్ని బట్టి, ఆటగాడు ఒడ్డిన దానిని బట్టి అది చెడ్డదవుతుంది. వరంగల్లు మొదలుకొని తెలుగునాట అంతటా ఇళ్లలో ఆడుకునే అష్టాచెమ్మాకు, అమెరికాలో పుట్టిన పాత్రధారణ ఆటలకు (రోల్ ప్లేయింగ్ గేమ్స్) కూడా ఇది వర్తిస్తుంది.

సాహిత్యంలో

మహాభారతంలోని సభాపర్వం ఇందుకు అందరికీ తెలిసిన ఉదాహరణ. దీనిని 11వ శతాబ్దంలో నన్నయ తెలుగు చేశాడు. మొదటి జూదంలో ధర్మరాజు సంపదను, రాజ్యాన్ని, తమ్ములను, తనను, చివరకు ద్రౌపదిని ఒడ్డి ఓడిపోయాడు. ధృతరాష్ట్రుడు అన్నీ తిరిగి ఇచ్చివేసిన తరువాత జరిగిన రెండవ జూదం ఒకే ఒక్క పందెం. దాని ఫలితం పన్నెండేళ్ల అరణ్యవాసం, ఒక ఏడాది అజ్ఞాతవాసం. శకుని కపటమే ఓటమికి కారణమని కథ చెబుతుంది. అయితే ఓడిన ప్రతిసారీ మళ్లీ ఒడ్డినవాడు ధర్మరాజే.

ఆరణ్యపర్వంలోని నలుని కథలో మరొక కోణం ఉంది. పుష్కరునితో ఆడి రాజ్యం పోగొట్టుకున్న నలుడు, తరువాత ఋతుపర్ణుని వద్ద అక్షహృదయం అనే పాచికల విద్య నేర్చుకొని దానిని తిరిగి గెలుచుకుంటాడు. ఋతుపర్ణుడు తాండ్రచెట్టు కొమ్మలపై ఉన్న ఆకులను, కాయలను చూపుతోనే లెక్కకట్టిన ఘట్టం ఇందులోనిదే. ప్రాచీన కాలంలో తాండ్రకాయలనే పాచికలుగా వాడేవారు. అదృష్టానికి కూడా ఒక లెక్క ఉంటుందన్న ఆలోచన ఈ కథలో కనిపిస్తుంది.

కాకతీయుల రాజధాని ఓరుగల్లు (నేటి వరంగల్లు) వినోదాలను వర్ణించే క్రీడాభిరామము వినుకొండ వల్లభరాయుని పేరుతో ప్రసిద్ధమైంది. అందులో కోడిపందెం, పొట్టేళ్ల పోట్లాట కనిపిస్తాయి. అటువంటి పందేలలో జంతువు బలం, దానికి ఇచ్చిన శిక్షణ గెలుపోటములను మారుస్తాయి. మోసం లేని పాచికల ఆటలో మాత్రం ఏ అంకె పడాలన్నది ఆటగాడి చేతిలో ఉండదు.

అష్టాచెమ్మాలో

అష్టాచెమ్మాను నేలపై సుద్దముక్కతో గీసిన 25 గళ్ల పటంపై ఆడతారు. నలుగురు ఆటగాళ్లకు తలా నాలుగు కాయలు ఉంటాయి. నాలుగు గవ్వలు కలిపి వేస్తారు. గవ్వలు లేకపోతే ఒకవైపు అరగదీసిన చింతపిక్కలు వాడతారు. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మా (4), నాలుగూ బోర్లా పడితే అష్టా (8). మిగిలిన సందర్భాలలో వెల్లకిలా పడినవాటిని లెక్కపెడతారు. నియమాలు ఊరిని బట్టి మారుతుంటాయి. సాధారణంగా కనిపించే దురదృష్టాలు ఇవి:

* అష్టా లేదా చెమ్మా పడనిదే కాయ పటంలోకి దిగదు. మిగతావారు ఆడుతుంటే చూస్తూ కూర్చోవాలి.
* అష్టా గాని చెమ్మా గాని పడితే మళ్లీ వేయవచ్చు. కాని వరుసగా మూడుసార్లు పడితే ఆ పందేలన్నీ చెల్లకుండా పోతాయి. మంచి పందెమే ఇక్కడ చెడ్డదవుతుంది.
* ప్రత్యర్థి కాయను ఒక్కదానినైనా చంపనిదే లోపలి గళ్లలోకి వెళ్లడం కుదరదు.
* కాయ పండాలంటే సరిగ్గా అవసరమైన అంకే పడాలి.

గవ్వ రెండు వైపులా సమానంగా పడుతుందనుకుంటే నాలుగు గవ్వలు 16 విధాలుగా పడవచ్చు. వాటిలో అష్టా ఒకటి, చెమ్మా ఒకటి. అంటే కాయ దిగే అవకాశం ఎనిమిదింట ఒక వంతు. ఎనిమిదిసార్లు వేసినా ఒక్కసారి కూడా పడకపోయే అవకాశం దాదాపు 34 శాతం. కనుక ఎక్కువసేపు కాయ దిగకపోవడం అరుదైన విషయమేమీ కాదు. నిజమైన గవ్వ రెండు వైపులా ఒకే ఆకారంలో ఉండదు కాబట్టి ఈ లెక్క కొంత మారుతుంది.

పాత్రధారణ ఆటలలో

గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపొందించిన డన్జియన్స్ అండ్ డ్రాగన్స్ 1974లో అమెరికాలో వెలువడింది. ఇందులో ఒక్కొక్క ఆటగాడు యోధుడు, మాంత్రికుడు వంటి ఒక్కొక్క పాత్రను ధరిస్తాడు. కథను నడిపే వ్యక్తి వేరే ఉంటాడు. ఆ పాత్రలు చేయదలచిన పని ఫలించిందా లేదా అన్నది ఎక్కువగా ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. 2000, 2014 సంవత్సరాలలో వచ్చిన మూడవ, ఐదవ కూర్పుల ప్రకారం దాడి చేసేటప్పుడు 1 పడితే ఆ దెబ్బ తప్పిపోయినట్లే.

చాలామంది ఆటగాళ్లు దీనికి తమ సొంత నియమాలు జోడిస్తారు. 1 పడితే కత్తి చేజారిందనో, బాణం తోటివాడికే తగిలిందనో నిర్ణయిస్తారు. ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఒకసారి వేస్తే 1 పడే అవకాశం 5 శాతం. ఒకే విడతలో నాలుగు దెబ్బలు కొట్టగల మహాయోధుడికి కనీసం ఒక 1 పడే అవకాశం సుమారు 18.5 శాతం. అంటే నేర్పు పెరిగినకొద్దీ పొరపాట్లు పెరుగుతాయి. నలుగురు ఆటగాళ్లు తలా ఐదుసార్లు వేస్తే ఎక్కడో ఒకచోట 1 పడే అవకాశం 64 శాతం. అష్టాచెమ్మాలో చెడ్డ పందెం వేసినవాడికే నష్టం. ఇక్కడ జట్టు అంతా ఒకే కథలో ఉంటుంది కాబట్టి ఒకరి పందెం అందరినీ ఇబ్బందిలో పడవేస్తుంది. అయినా కథ ఆగదు, కొత్త దారి పడుతుంది.

జూదరి భ్రమ

వరుసగా చెడ్డ పందేలు పడితే తరువాత మంచిది పడి తీరుతుందనుకోవడాన్ని జూదరి భ్రమ అంటారు. పాచికకు జ్ఞాపకం లేదు. ముందు ఏది పడినా తరువాతి పందేనికి అవకాశం అంతే. డబ్బు ఒడ్డినచోట ఈ భ్రమ పోయినదానిని రాబట్టుకోవాలన్న ఆశకు, అప్పులకు దారితీస్తుంది. తెలంగాణ ప్రభుత్వం 2017లో గేమింగ్ చట్టాన్ని సవరించి, డబ్బు ఒడ్డి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. అష్టాచెమ్మాలో ఓడినవాడు కాయలు ఏరుకొని మళ్లీ ఆటకు కూర్చుంటాడు. ఏమి ఒడ్డారన్నదే ఈ రెండింటికీ తేడా.

ఇవి కూడా చూడండి

* అష్టాచెమ్మా
* వైకుంఠపాళి
* పచ్చీసు
* సంభావ్యత