పరుగు ఆగినా సాధన ఆగనక్కరలేదు



తెల్లవారుజామున కురుపాం, గుమ్మలక్ష్మీపురం రోడ్ల మీద పరుగు తీసే యువతీయువకులను మీరు చూసే ఉంటారు. చాలామందికి పోలీసు ఉద్యోగమే ఆశ. మన రాష్ట్రంలో 2022 కానిస్టేబుల్ నోటిఫికేషన్ ప్రకారం 1600 మీటర్లను పురుషులు 8 నిమిషాల్లో, స్త్రీలు 10 నిమిషాల 30 సెకన్లలో పూర్తి చేయాలి. ఇది తప్పితే రాత పరీక్షలో ఎన్ని మార్కులు వచ్చినా ప్రయోజనం లేదు. అందుకే కాలు నొప్పిని దాచుకుని పరుగెడతారు. చివరికి నడవడమే కష్టమైనప్పుడు ఆసుపత్రికి వస్తారు.

నొప్పి ఎందుకు వస్తుంది?

పరుగు వల్ల ఎముకకు కలిగే సూక్ష్మమైన దెబ్బలను శరీరం విశ్రాంతి సమయంలో బాగుచేసుకుంటుంది. రోజూ గట్టి రోడ్డు మీద, అరిగిన బూట్లతో, ఒక్కసారిగా దూరం పెంచి పరుగెడితే ఆ బాగు చేసుకునే సమయం దొరకదు.

మోకాలి కింద ఎముక లోపలి అంచు పొడవునా నొప్పి ఉంటే సాధారణంగా అది ఎముక పై పొర, కండరం పట్టు వద్ద వచ్చిన బాధ. ఒకే చోట వేలు పెట్టి చూపించగలిగేంత నొప్పి, రాత్రి కూడా సలుపు ఉంటే ఎముకలో సన్నని బీట పడి ఉండవచ్చు. మొదటి రెండు మూడు వారాల్లో ఈ బీట ఎక్స్‌రేలో కనబడకపోవచ్చు. కాబట్టి "ఎక్స్‌రే బాగుంది" అని మళ్ళీ పరుగు మొదలుపెట్టవద్దు. నొప్పి ఇంజెక్షను చేయించుకుని పరుగెత్తడం మరీ ప్రమాదం. నొప్పి తెలియదు గాని బీట పెద్దదవుతుంది. అలాంటి కాలిని గట్టిగా మర్దనా చేయించవద్దు, బిగుతుగా కట్టు కట్టించవద్దు.

మన ప్రాంతంవారు మరొకటి గమనించాలి. గిరిజన కుటుంబాల్లో సికిల్ సెల్ వ్యాధి ఎక్కువగా కనిపిస్తుంది. ఆ వ్యాధి వల్ల కూడా ఎముకల్లో, తుంటిలో నొప్పి వస్తుంది. కారణం తెలియని నొప్పి మాటిమాటికీ వస్తుంటే రక్తపరీక్ష చేయించుకోండి. ఆడపిల్లలకు నెలసరి ఆగిపోతే అది ఆహారం చాలడం లేదనడానికి గుర్తు కావచ్చు, ఎముకలు బలహీనపడతాయి. డాక్టరుగారికి సిగ్గుపడకుండా చెప్పండి.

ఆగిన రోజుల్లో ఏం చేయాలి?

ఎముక బీట మానడానికి సాధారణంగా ఆరు నుండి ఎనిమిది వారాలు, కొన్నిసార్లు ఇంకా ఎక్కువ పడుతుంది. అంతకాలం మంచం మీద ఉండనక్కరలేదు. నొప్పి కలగకపోతే, డాక్టరు అనుమతితో సైకిల్ తొక్కవచ్చు. పొట్ట, నడుము, తొడల వ్యాయామాలు చేయవచ్చు. దమ్ము చాలావరకు నిలుస్తుంది. చోడి అంబలి, పప్పులు, గుడ్లు, ఆకుకూరలు తినండి. పొగ మానండి. మిగిలిన సమయం రాత పరీక్షకు ఇవ్వండి.

మళ్ళీ పరుగు ఎప్పుడు?

అరగంట చురుకుగా నడిచినా నొప్పి లేనప్పుడు, డాక్టరు సరేనన్నాక, ఒక నిమిషం మెల్లని పరుగు, రెండు నిమిషాల నడకతో మొదలుపెట్టండి. రోజు విడిచి రోజు, మట్టి నేల మీద చేయండి. ముందు సమయం పెంచండి, వేగం తరువాత. ఆ రాత్రిగాని మరునాడుగాని నొప్పి వస్తే ఒక మెట్టు వెనక్కి దిగండి.

ఇంట్లోవారికి ఒక మాట

తోటివారు పరుగెడుతుంటే అరుగు మీద కూర్చోవడం చిన్న బాధ కాదు. "బద్ధకం" అని అనవద్దు. విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజీ 2025 మేలో ఆసియా హర్డిల్స్ స్వర్ణం గెలిచి, అదే ఏడాది మోకాలి గాయంతో శస్త్రచికిత్స చేయించుకుని పోటీలకు దూరంగా ఉండవలసి వచ్చింది. అంతటి క్రీడాకారిణికే ఆగక తప్పలేదు. నిద్రపట్టక, తిండి మాని, ఎవరితోనూ మాట్లాడకుండా ఉంటే అది కూడా వైద్యం అవసరమైన బాధే, వెంట తీసుకురండి.

ఒకవేళ ఈసారి పరుగుకు కాలు సిద్ధం కాకపోతే, అది ఒక ఉద్యోగ అవకాశం పోవడమే. తొందరపడి ఎముక పూర్తిగా విరిగితే పొలం పని, కొండ దారి నడక కూడా పోతాయి. రెండు వారాలు దాటిన నొప్పిని దాచకండి.