ఆఫీసులో చిన్న నెట్‌వర్క్ స్విచ్ సెటప్: ఒక్క వైరు నెట్ మొత్తాన్ని ఎలా పడేసిందంటే...

ఇవాళ రౌటర్ పక్కన కూర్చునే ఇంకో డబ్బా గురించి మాట్లాడుకుందాం. నెట్‌వర్క్ స్విచ్. మీరు దీన్ని ఎక్కడో చూసే ఉంటారు. మీసేవలో, నెట్ సెంటర్లో, కాలేజీ ల్యాబ్‌లో బల్ల కింద, దుమ్ము పట్టి, ఆకుపచ్చ లైట్లు టకటకా కొట్టుకుంటూ ఉంటుంది. పనిచేసినంత కాలం అది అక్కడ ఉందని కూడా ఎవరికీ గుర్తుండదు.

నాకు గుర్తుండిపోయేలా చేసింది మాత్రం ఒక 20వ తారీఖు.

మా బాబాయి విజయవాడ గవర్నర్‌పేటలో ట్యాక్స్ కన్సల్టెంట్. చిన్న ఆఫీసు, ఆరుగురు స్టాఫ్. నెలనెలా 20వ తేదీ అంటే జీఎస్టీఆర్-3బి వేయడానికి ఆఖరి రోజు. అది దాటితే మామూలు రిటర్న్‌కి రోజుకి 50 రూపాయల లేట్ ఫీజు, కట్టాల్సిన పన్ను ఉంటే దాని మీద వడ్డీ. ఒక్కో క్లయింటుకి ఇంత అని లెక్కేసుకోండి. ఆ రోజు మధ్యాహ్నం ఫోన్ వచ్చింది.

"ఏరా, ఎక్కడున్నావ్? పొద్దున్నించీ నెట్ లేదురా. నెట్ వాళ్ళకి చేస్తే మా లైన్ బాగానే ఉందంటున్నారు."

"రౌటర్ ఆపి ఆన్ చేశారా బాబాయ్?"

"నాలుగుసార్లు చేశాం. ఏదో వచ్చినట్టే ఉంటుంది, వెంటనే పోతోంది. ప్రింటర్ కూడా రావట్లేదు."

ఆ చివరి మాట పట్టుకోండి ఫ్రెండ్స్. నెట్ పోతే ప్రింటర్ ఎందుకు పోవాలి? ప్రింటర్ గదిలోనే ఉంది, దానికి ఇంటర్నెట్‌తో పనే లేదు. అంటే గొడవ బయట లైన్లో లేదు, లోపలే ఉందన్నమాట. వెళ్ళి చూస్తే స్విచ్ మీద లైట్లన్నీ ఒకేసారి, ఒకే తాళంలో, కన్ను ఆనలేనంత స్పీడుగా కొట్టుకుంటున్నాయి. మామూలుగా అయితే ఒక్కో లైటు దాని ఇష్టమొచ్చినట్టు కొట్టుకోవాలి. వైర్లు ఒక్కొక్కటే పీకుతూ వెళ్ళాను. పదకొండో వైరు పీకగానే లైట్లు ఒక్కసారిగా చల్లబడ్డాయి. ఆ వైరు పట్టుకుని వెళ్తే, దాని రెండో కొస కూడా అదే స్విచ్‌లో ఉంది!

ఏం జరిగిందంటే, పొద్దున ఊడుస్తున్నప్పుడు ఆఫీస్ కుర్రాడికి ఒక వైరు వేలాడుతూ కనిపించింది. ఊడిపోయిందేమో అనుకుని ఖాళీ కన్నంలో గుచ్చాడు. పాపం అతని తప్పేం లేదు, నీట్‌గా పెట్టాడు, అంతే.

ఇప్పుడు అసలు సంగతి. స్విచ్ చేసే పని చాలా సింపుల్. ప్రతి పరికరానికీ ఒక మ్యాక్ అడ్రస్ ఉంటుంది. ఏ పోర్ట్ వెనక ఏ మ్యాక్ అడ్రస్ ఉందో స్విచ్ ఒక పట్టికలో రాసుకుంటుంది. ఈ డేటా ఫలానా కంప్యూటర్‌కి అని తెలిస్తే ఆ ఒక్క పోర్ట్‌లోకే పంపుతుంది. కొన్ని మెసేజ్‌లు మాత్రం 'అందరికీ' అని వస్తాయి. వాటిని బ్రాడ్‌కాస్ట్ అంటారు. మీ ఫోన్ వైఫైకి కనెక్ట్ అవగానే 'నాకు ఐపీ అడ్రస్ ఎవరిస్తారు?' అని అరుస్తుంది చూడండి, అలాంటివి. వాటిని స్విచ్ అన్ని పోర్టుల్లోకీ పంపుతుంది. వైరు రెండు కొసలూ అదే స్విచ్‌లో ఉంటే? ఒక పోర్ట్‌లోంచి బయటికెళ్ళిన అరుపు ఇంకో పోర్ట్‌లోంచి లోపలికొస్తుంది. కొత్తది అనుకుని స్విచ్ మళ్ళీ అందరికీ పంపుతుంది. మళ్ళీ వస్తుంది. ఐపీ ప్యాకెట్‌కైతే ఇన్ని మలుపుల తర్వాత చచ్చిపో అనే లెక్క ఉంటుంది. కింద ఉండే ఈథర్నెట్ ఫ్రేమ్‌కి అలాంటిదేమీ లేదు. తిరుగుతూనే ఉంటుంది, పెరుగుతూనే ఉంటుంది. దీన్నే బ్రాడ్‌కాస్ట్ స్టార్మ్ అంటారు. ఆ తుఫానులో బాబాయి రిటర్నులు, ప్రింటర్, వైఫై అన్నీ కొట్టుకుపోయాయి.

దీనికి మందు ఎప్పుడో కనిపెట్టారు. 1985లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్‌లో పనిచేస్తున్న రేడియా పెర్ల్‌మన్ అనే ఇంజినీరు స్పానింగ్ ట్రీ అనే పద్ధతి తయారుచేశారు. స్విచ్‌లు తమలో తాము మాట్లాడుకుని, లూప్ అయ్యే దారి ఉంటే దాన్ని మూసేస్తాయి. మరి బాబాయి స్విచ్‌లో అది ఎందుకు లేదు? ఎందుకంటే అది చవక రకం, అన్‌మేనేజ్డ్. గుచ్చితే పనిచేస్తుంది, ఇంకేం అడగదు, ఇంకేం చెప్పదు.

ఆ సాయంత్రం ఫైలింగ్ అయిపోయింది లెండి. రాత్రి పదకొండు దాకా కూర్చున్నారు. మర్నాడు బాబాయి "ఇంకోసారి ఇలా కాకుండా ఏదో ఒకటి చెయ్యరా" అన్నాడు. అక్కణ్ణించి మన సెటప్ మొదలు.

మొదట కొనడం. షాపులో మూడు రకాలుంటాయి. అన్‌మేనేజ్డ్, స్మార్ట్, ఫుల్లీ మేనేజ్డ్. ఇంట్లో టీవీకీ ప్లేస్టేషన్‌కీ అయితే మొదటి రకం చాలు, డబ్బు వేస్ట్ చేయకండి. పదిమంది లోపు ఆఫీసుకి స్మార్ట్ రకం సరిపోతుంది. బ్రౌజర్‌లో పేజీ తెరిచి సెట్ చేసుకోవచ్చు, లూప్‌ని ఆపే ఆప్షన్ ఉంటుంది, వీల్యాన్‌లు ఉంటాయి. మూడో రకం మన రేంజ్ కాదు. పోర్టులు మాత్రం ఇవాళ కావలసినవాటికన్నా రెండు మూడు ఎక్కువ ఉండేలా తీసుకోండి. సీసీ కెమెరాలు పెట్టే ఆలోచన ఉంటే పీఓఈ ఉన్నది చూడండి, వైరులోంచే కెమెరాకి కరెంటు వెళ్తుంది. అందులో ఒక మెలిక. పాత పీఓఈ స్టాండర్డ్‌లో పోర్ట్‌కి 15.4 వాట్లు, పీఓఈ ప్లస్‌లో 30 వాట్లు. కానీ మొత్తం స్విచ్ ఎన్ని వాట్లు ఇవ్వగలదన్నది వేరే లెక్క. బాక్స్ మీద 65 వాట్లు అని ఉంటే, ఎనిమిది పోర్టులకీ 30 చొప్పున రాదు. గుణించి చూసుకోండి.

వైరు దగ్గర కక్కుర్తి పడొద్దు. సికింద్రాబాద్ సీటీసీలోనైనా, మీ ఊరి షాపులోనైనా 'పూర్తి రాగిదేనా?' అని అడగండి. అల్యూమినియం మీద రాగి పూత పూసినవి కూడా అమ్ముతారు. వంచితే విరుగుతాయి, పీఓఈ పెడితే వేడెక్కుతాయి. ఇంకో సంగతి. గిగాబిట్ స్పీడుకి వైరులోని ఎనిమిది తీగలూ కావాలి. 100 ఎంబీపీఎస్‌కి నాలుగు చాలు. అందుకే క్రింపింగ్‌లో మిగతా నాలుగింటిలో ఒక్క తీగ సరిగ్గా దిగకపోతే చాలాసార్లు నెట్ ఆగదు, స్పీడు 100కి పడిపోతుంది అంతే. ఎవరికీ అర్థం కాదు. 'మా ప్లాన్ 300, స్పీడ్ టెస్ట్‌లో 95 దాటట్లేదు' అనే వాళ్ళు ముందు జాక్ మార్చి చూడండి.

ఇప్పుడు కాన్ఫిగరేషన్. కొత్త స్విచ్‌ని డబ్బాలోంచి తీసి నేరుగా రౌటర్‌కి తగిలించకండి. ఎందుకో చెప్తా. ఆ పేజీ తెరవాలంటే స్విచ్‌కి ఒక ఐపీ అడ్రస్ ఉండాలి. కంపెనీ నుంచే ఒకటి పెట్టి పంపుతారు. డీ-లింక్ స్మార్ట్ స్విచ్‌లలో చాలావాటికి 10.90.90.90. సిస్కో చిన్న ఆఫీసు మోడళ్ళకి 192.168.1.254. టీపీ-లింక్ ఈజీ స్మార్ట్ వాటికి 192.168.0.1. ఈ చివరిది ఎక్కడో విన్నట్టుంది కదా? చాలా రౌటర్ల అడ్రస్ కూడా అదే! రెండూ ఒకే నెట్‌వర్క్‌లో ఒకే అడ్రస్‌తో కూర్చుంటే ఒకే ఇంటి నంబరుతో రెండిళ్ళు ఉన్నట్టే, పోస్ట్‌మ్యాన్ తిరిగీ తిరిగీ అలిసిపోతాడు. కొన్ని కొత్త మోడళ్ళు రౌటర్ నుంచి అడ్రస్ తామే తెచ్చుకుంటాయి. అయినా రిస్క్ ఎందుకు?

కాబట్టి స్విచ్, ల్యాప్‌టాప్, మధ్యలో ఒక వైరు. ఇంకేమీ వద్దు. ల్యాప్‌టాప్‌కి చేత్తో ఐపీ ఇవ్వండి. స్విచ్ 192.168.0.1 అయితే మీరు 192.168.0.10, మాస్క్ 255.255.255.0. బ్రౌజర్‌లో స్విచ్ అడ్రస్ కొట్టండి, లాగిన్ అడుగుతుంది. డబ్బా కింద స్టిక్కర్ మీదో, మాన్యువల్‌లోనో ఉంటుంది.

లోపలికెళ్ళగానే మొదటి పని పాస్‌వర్డ్ మార్చడం. 'అడ్మిన్, అడ్మిన్' అని వదిలేస్తే ఆ వైర్లోకొచ్చిన ఎవరైనా లోపలికి రావచ్చు. తర్వాత ఐపీ మార్చండి. రౌటర్ మామూలుగా ఫోన్లకి ఇచ్చే రేంజ్ ఒకటుంటుంది, ఉదాహరణకి 100 నుంచి 199 దాకా. స్విచ్‌కి దాని బయట, 192.168.0.2 లాంటిది ఇవ్వండి. ఆ నంబరు ఒక స్టిక్కర్ మీద రాసి స్విచ్‌కే అంటించండి. నవ్వకండి. రెండేళ్ళ తర్వాత ఆ స్టిక్కర్‌కి దణ్ణం పెట్టుకుంటారు. ఆ తర్వాత లూప్ ప్రివెన్షన్ ఆన్ చేయండి, స్పానింగ్ ట్రీ ఉంటే అది ఆన్‌లో ఉందో లేదో చూడండి. బాబాయికి కావలసింది ఇదొక్కటే. ఇది సెట్ చేశాక నేనే కావాలని ఒక వైరు రెండు కొసలూ గుచ్చి చూపించాను. ఆ పోర్ట్‌ని మూసేసింది, నెట్ నడుస్తూనే ఉంది. బాబాయి మొహం వెలిగిపోయింది.

ఇక వీల్యాన్. ఆఫీసుకొచ్చిన క్లయింట్లందరూ వైఫై అడుగుతారు. ఆ వైఫై డబ్బా స్టాఫ్ కంప్యూటర్లున్న స్విచ్‌లోనే ఉంటే, ఎవరి ఫోన్లో ఏముందో తెలీదు, ట్యాలీ డేటా పక్కనే ఉంటుంది. వాళ్ళకి నెట్ మాత్రం దొరకాలి, మన కంప్యూటర్లు కనపడకూడదు. ఒకే స్విచ్‌ని లోపల గోడ కట్టి రెండు చేయడమే వీల్యాన్.

మన ఎనిమిది పోర్టుల లెక్క చూడండి. 1లో రౌటర్. 2 నుంచి 6 దాకా స్టాఫ్, ప్రింటర్. 7 ఖాళీ, అది మన కోసం. 8లో క్లయింట్ల వైఫై డబ్బా. వీల్యాన్ 10లో 1 నుంచి 6 దాకా పోర్టులు పెట్టండి. వీల్యాన్ 20లో 1, 8. వీల్యాన్ 1లో అన్నీ ఉంటాయి, దాన్ని కదపొద్దు. అన్నీ అన్‌ట్యాగ్డే, ఎందుకంటే మన మామూలు రౌటర్‌కి ట్యాగ్‌లు అర్థం కావు. తర్వాత పీవీఐడీ. అంటే ఆ పోర్ట్‌లోంచి లోపలికొచ్చే డేటా మీద ఏ వీల్యాన్ ముద్ర కొట్టాలి అన్నది. 2 నుంచి 6 దాకా 10, 8కి 20, 1కీ 7కీ 1. ఇప్పుడు స్టాఫ్ పంపింది రౌటర్‌కి వెళ్తుంది, 8కి వెళ్ళదు. క్లయింట్ పంపింది రౌటర్‌కి మాత్రమే వెళ్తుంది. రౌటర్ నుంచి వచ్చేది అందరికీ అందుతుంది. కొన్ని స్విచ్‌లు ఒక పోర్ట్‌ని రెండు వీల్యాన్‌లలో అన్‌ట్యాగ్డ్‌గా పెట్టనివ్వవు, కొనేముందు మాన్యువల్ చూసుకోండి. క్లయింట్లు రౌటర్ పేజీ దాకా రాగలరు కాబట్టి రౌటర్ పాస్‌వర్డ్ కూడా మార్చండి. ఒకవేళ క్లయింట్లకి వైఫై ఇస్తున్నది రౌటరే అయితే ఈ గోడ పనికిరాదు, స్విచ్ దాకా రాకుండానే వాళ్ళు లోపలున్నారు. అప్పుడు రౌటర్‌లో గెస్ట్ నెట్‌వర్క్ ఆన్ చేయాలి.

7 ఎందుకు ఖాళీ ఉంచామో చెప్పలేదు కదా. నేను మొదటిసారి ఇది వేరే స్విచ్ మీద చేసినప్పుడు, నా ల్యాప్‌టాప్ ఉన్న పోర్ట్‌నే వీల్యాన్ 10లోకి మార్చి అప్లై కొట్టాను. పేజీ తిరుగుతూనే ఉంది. ఎంతసేపైనా రాదు. స్విచ్ పేజీ ఉన్నది వీల్యాన్ 1లో, నన్ను నేను 10లోకి నెట్టేసుకున్నాను. ఇంటి తాళం లోపల పెట్టి తలుపు లాగేసినట్టు. నన్ను కాపాడింది ఏంటంటే, చాలా స్విచ్‌లలో అప్లై వేరు, సేవ్ వేరు. అప్లై చేసింది పవర్ తీసేదాకానే ఉంటుంది. పవర్ పీకి పెట్టాను, పాతది వచ్చేసింది. లేకపోతే పిన్నుతో రీసెట్ నొక్కి మొదట్నుంచి రావాల్సిందే. కాబట్టి ముందు అప్లై, అన్నీ నడుస్తున్నాయా అని చూడండి, అప్పుడు సేవ్. సేవ్ మర్చిపోతే మాత్రం రివర్స్‌లో కొడుతుంది. కరెంటు పోయొచ్చాక మీ కష్టమంతా గాలికి. మన దగ్గర కరెంటు సంగతి తెలుసుగా, స్విచ్‌ని కూడా యూపీఎస్‌కే కలపండి. కాన్ఫిగ్ ఫైల్ ఒకటి బ్యాకప్ తీసి మెయిల్‌లో పెట్టుకోండి.

ఇంతయ్యాక ఆ పేజీని మీ ఫోన్లో కూడా చూడొచ్చు. కానీ ఆఫీస్ వైఫై రౌటర్ దగ్గర్నుంచి రావాలి, 8లో ఉన్న క్లయింట్ల వైఫై నుంచి రాదు. మొబైల్ డేటా ఆపి, క్రోమ్‌లో 192.168.0.2 కొట్టండి. డేటా ఆపకపోతే కొన్నిసార్లు ఫోన్ ఆ అడ్రస్ కోసం సిమ్ నెట్‌లో వెతుక్కుంటుంది.

ఇంకొక్కటి. పోర్టులు చాలలేదని పాత రౌటర్‌ని స్విచ్‌లా వాడుతుంటారు. వాడొచ్చు, కానీ దాని డీహెచ్‌సీపీ ఆపకపోతే అది కూడా ఐపీలు పంచడం మొదలుపెడుతుంది. కొందరి ఫోన్లకి అసలు రౌటర్ అడ్రస్ ఇస్తుంది, కొందరికి ఇది ఇస్తుంది. వైఫై ఫుల్లు, నెట్ నిల్లు. అది కూడా అందరికీ కాదు, సగం మందికి. ఇలాంటిది కనిపిస్తే ఫోన్లో వైఫై డీటెయిల్స్ తెరిచి గేట్‌వే ఏముందో చూడండి. పనిచేసే ఫోన్లో ఒకటీ, పనిచేయని ఫోన్లో ఇంకోటీ ఉంటే దొంగ దొరికినట్టే.

బాబాయి ఆఫీసులో పాత అన్‌మేనేజ్డ్ స్విచ్ ఇంకా బీరువా మీదే ఉంది. "పనికొస్తుందిలేరా" అంటాడు. సరే ఫ్రెండ్స్, వచ్చే ఎపిసోడ్‌లో ఆర్జే45 జాక్ మనమే క్రింప్ చేసుకోవడం చూద్దాం, తెల్ల-నారింజతో మొదలుపెట్టి. ఉంటాను మరి.