మీకు తెలుసా? బిళ్ళ లేకుండా నిద్ర

నిద్ర చాలకపోవడం, నిద్ర పట్టకపోవడం ఒకటి కావు. తెలంగాణలోని తిరుమలాయపాలెం చుట్టుపక్కల మిర్చి కోతల కాలంలో కాయ ఆరబోసిన రైతు వానకూ దొంగకూ భయపడి కల్లం దగ్గరే నడుం వాలుస్తాడు. అతనికి నిద్ర చాలదు, అంతే. మంచం, చీకటి, తీరిక అన్నీ ఉండి కూడా కన్ను మూతపడకపోవడం వేరు. వారానికి కనీసం 3 రాత్రులు, 3 నెలలపాటు అలా సాగి పగటి పని కూడా చెడితే దాన్ని వైద్యులు దీర్ఘకాలిక నిద్రలేమి అంటారు. రైతుకు నిద్ర చాలకపోవడానికి ఒకప్పుడు కరెంటూ కారణమే. తెలంగాణలో సాగుకు 24 గంటల కరెంటు 2018 జనవరి 1న మొదలైంది. అంతకుముందు ఏ అర్ధరాత్రో త్రీఫేజ్ వస్తే మోటారు వేయడానికి లేచి పొలానికి వెళ్లేవాళ్లు. ఆ బాధ పడలేకే చాలామంది ఆటోస్టార్టర్లు పెట్టించుకున్నారు.

ఒకరి నిద్ర ఇంకొకరు పోయిన కథ మనదే. వనవాసంలో సీతారాములకు కాపలాగా లక్ష్మణుడు కన్ను మూయలేదని, అతని 14 ఏళ్ల నిద్రనూ ఊర్మిళ తీసుకుందని తెలుగు ఆడవాళ్లు ‘ఊర్మిళాదేవి నిద్ర’ పాటగా పాడుకున్నారు. వాల్మీకంలో ఈ కథ లేదు. నిద్ర బాకీ ఎక్కడో ఒకచోట తీరాలన్న లెక్క మాత్రం వాళ్లకు బాగా తెలుసు.

నిద్రబిళ్ళ కల్లు కుండలోకీ చేరింది. ఆల్ప్రాజోలం అనే మందును ఆందోళన తగ్గడానికి, కొన్నిసార్లు నిద్రకు రాస్తారు. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. ఆ పొడినే తెలంగాణలో చాలాచోట్ల కల్లులో కలిపారు. 2015లో ప్రభుత్వం కల్తీ కల్లుపై గట్టిగా విరుచుకుపడితే, రోజూ తాగడం అలవాటైన జనం ఒక్కసారిగా అది దొరక్క చేతుల వణుకు, మతి చలించడం, ఫిట్స్‌తో ఆసుపత్రులకు పరుగెత్తారు. నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో, హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రిలో ఆ కేసులు వరుస కట్టాయి. వాళ్లలో చాలామందికి తాము నిద్రమందు తాగుతున్నామనే తెలియదు. అందుకే ‘మందు లేకుండా నిద్ర’ అనే మాటకు మన దగ్గర బరువెక్కువ.

మందు లేకుండా నిద్ర తెప్పించాలని చూసే పద్ధతుల్లో ఒకటి న్యూరోఫీడ్‌బ్యాక్, అంటే మన మెదడు అలలను తెరమీద చూసుకుంటూ వాటిని మార్చుకోవడం నేర్చే శిక్షణ. దానికి దారి చూపినవి పిల్లులు. మనిషి మెదడులోని విద్యుత్ అలలను మొదట నమోదు చేసింది జర్మన్ వైద్యుడు హాన్స్ బెర్గర్, 1924లో. 1960లలో కాలిఫోర్నియాలో బారీ స్టెర్మన్ అనే శాస్త్రవేత్త పిల్లులకు ఒక విద్య నేర్పాడు. ఒళ్లు కదలకుండా, కానీ మెలకువగా ఉన్నప్పుడు మెదడులో సెకనుకు 12 నుంచి 15 సార్లు కొట్టుకునే అల ఒకటి పుడుతుంది. అది కనిపించినప్పుడల్లా పిల్లికి తినడానికి ఏదో పెట్టేవాడు. కొన్నాళ్లకు పిల్లులు ఆ అలను తామే తెప్పించుకోవడం నేర్చాయి. తర్వాత రాకెట్ ఇంధనం విషప్రభావం చూడడానికి పిల్లులకు ఆ రసాయనం ఎక్కించినప్పుడు, ఈ చదువు చదివిన పిల్లులు మూర్ఛను మిగతావాటికంటే బాగా తట్టుకున్నాయి. ఒక పరీక్ష కోసం నేర్పింది ఇంకో పరీక్షలో అక్కరకొచ్చింది.

మరి నిద్రకేం సంబంధం? మనం గాఢనిద్రలోకి జారే దారిలో మెదడు చిన్న చిన్న అలల గుంపులు విడుస్తుంది. వాటిని స్పిండిల్స్ అంటారు. వాటి వేగం కూడా దాదాపు పిల్లులు నేర్చిన ఆ అల వేగమే. పగలు ఈ అల పెంచడం నేర్పితే రాత్రి నిద్ర కుదుటపడుతుందేమోనన్న ఆశ అక్కడినుంచే పుట్టింది.

ఈ శిక్షణకు తలకు నూనె రాసుకుని వెళ్తే వెనక్కి పంపుతారు. తలస్నానం చేసి, నూనె లేకుండా రమ్మంటారు. నెత్తిమీద పాయ తీసి, ఆ చోట చర్మాన్ని గరుకు పేస్టుతో రుద్ది, జెల్ పెట్టి, నాణెం కంటే చిన్న ఎలక్ట్రోడ్ అతికిస్తారు. ఇందులో మెదడుకు కరెంటు పెట్టేది ఏమీ ఉండదు, లోపలిదాన్ని చదవడమే. ఎదురుగా తెరమీద బొమ్మ కదులుతుంటుంది. అల బలపడితే ముందుకు పోతుంది, బలహీనపడితే ఆగిపోతుంది. పళ్లు బిగించినా, కళ్లు టపటపలాడించినా ఆ కండరాల సందడిలో మెదడు గొంతు వినబడదు. అలను ఎలా పెంచాలో నోటితో ఎవరూ చెప్పలేరు. ఒకటి రెండు సిటింగ్‌లతో అయ్యేది కాదు, సాధారణంగా 20కి పైగా కావాలంటారు.

ఉత్తుత్తి శిక్షణ కూడా అంతే పనిచేసింది. ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ పరిశోధకులు 2017లో ప్రచురించిన అధ్యయనంలో నిద్రలేమి ఉన్న 25 మందికి అసలు న్యూరోఫీడ్‌బ్యాక్, దానికి నకలు, రెండూ ఇచ్చారు. ఏది ఎప్పుడు ఇస్తున్నారో వాళ్లకు తెలియనివ్వలేదు. నిద్ర మెరుగైందని వాళ్లు రెండింటికీ చెప్పారు. యంత్రం కొలిచిన నిద్రలోనూ అసలుకూ నకలుకూ తేడా రాలేదు. కుదురుగా కూర్చోబెట్టి, ఎవరో శ్రద్ధగా పట్టించుకోవడమే సగం మందు కావచ్చు. అప్పు చేసి ఈ శిక్షణ తీసుకోమని మాత్రం నేను ఎవరికీ చెప్పను.

గట్టి రుజువున్న పద్ధతికి యంత్రం అక్కర్లేదు. అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ అనే వైద్యుల సంఘం 2016లో దీర్ఘకాలిక నిద్రలేమికి బిళ్ళలకంటే ముందు ఇవ్వమని చెప్పింది ఆలోచనలనూ అలవాట్లనూ మార్చే ప్రవర్తన చికిత్సను. అందులో ఒక ముఖ్య భాగాన్ని 1972లో రిచర్డ్ బూట్జిన్ రూపొందించాడు. మంచం నిద్రకే. సెల్‌ఫోనూ, బాకీల లెక్కలూ మంచం మీదికి రాకూడదు. దాదాపు 20 నిమిషాలైనా నిద్ర రాకపోతే లేచి బయటికి వచ్చి, కునికిపాట్లు వచ్చాకే మళ్లీ వెళ్లాలి. రాత్రి ఎలా గడిచినా పొద్దున లేచే వేళ మారకూడదు. మొదటి వారం నరకమే. ఈ చికిత్సలోనే మంచం మీద ఉండే గంటలను బాగా కుదించే పద్ధతీ ఉంది. మూర్ఛ వ్యాధి, బైపోలార్ ఉన్నవాళ్లు దాన్ని సొంతంగా మొదలుపెట్టకూడదు.

ఇప్పటికే రోజూ ఆల్ప్రాజోలం లాంటి బిళ్ళ వేసుకుంటున్నవాళ్లు దాన్ని ఒక్కరోజులో మానేస్తే ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. డాక్టరు చెప్పిన కొలత ప్రకారం వారాలపాటు కొద్దికొద్దిగా తగ్గించుకోవాలి. ఎవరిని అడగాలో తోచకపోతే 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోన్ లైను టెలిమానస్ ఉంది, నంబరు 14416. ఫోన్ చేయడానికి పైసా ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు.