ఇంజను బిగించే ముందు అడగాల్సిన కొలత

నిమిషానికి 1500 చుట్లు తిరిగే ఆయిల్ ఇంజను కాలువ గట్టున పొద్దున ఎనిమిదికి మొదలై సాయంత్రం ఆరు దాకా ఆడిందనుకుందాం. ఆ పది గంటల్లో దాని ఇన్‌లెట్ వాల్వు నాలుగున్నర లక్షల సార్లు తెరుచుకుని మూసుకుంటుంది. ఎగ్జాస్ట్ వాల్వుదీ అదే లెక్క. సెకనుకు పన్నెండున్నర సార్లు జరిగే ఈ పనిని కింది నుంచి పైకి మోసేది వేలెడు మందం కూడా లేని ఒక కడ్డీ. దానిపేరు పుష్ రాడ్డు. ఇంజను విప్పిన ప్రతిసారీ పిస్టను, లైనరు, నాజిలు గురించి గంటలకొద్దీ మాట్లాడుకుంటారు. ఈ కడ్డీని మాత్రం గుడ్డతో తుడిచి పక్కన పెట్టి, చివర్లో మళ్లీ దాని రంధ్రంలో దించేస్తారు. దాని పొడవు ఇంకా సరిపోతుందా అని అడిగేవాళ్లు అరుదు.

గుంటూరు-నంద్యాల రైలు మార్గంలో వినుకొండ దాటాక వచ్చే కురిచేడు ఒకపక్క సాగర్ కుడి కాలువ ఆయకట్టుకూ, మరోపక్క మార్కాపురం, గిద్దలూరు వైపు మెట్ట పొలాలకూ నడుమనున్న ఊరు. ఇలాంటి చోట పుష్ రాడ్డు కోసం వెతకాల్సిన పనిలేదు. నీళ్లు తోడే ఆయిల్ ఇంజనులో ఉంది. దుక్కి దున్నే ట్రాక్టరులో ఉంది. పాత బుల్లెట్ బండిలోనూ ఉంది. కిర్లోస్కర్ ఏవీ1 లాంటి చిన్న ఇంజను తీసుకుంటే 80 మి.మీ. బోరు, 110 మి.మీ. స్ట్రోకు, 553 సీసీ, 5 హార్స్ పవరు. అందులో ఉండేవి రెండే వాల్వులు, రెండే పుష్ రాడ్లు. పెనుకొండలో తయారయ్యే కియా కార్ల ఇంజన్లలో క్యామ్ షాఫ్టు హెడ్డు మీదే కూర్చుంటుంది కాబట్టి వాటికి ఈ కడ్డీతో పనే లేదు. పొలం యంత్రాలు మాత్రం పాత పద్ధతిని వదల్లేదు. 1904లో బ్యూక్ కారు ఓవర్‌హెడ్ వాల్వు ఇంజనుతో బజారులోకి వచ్చింది. నేటి ట్రాక్టరులోనూ ఆ అమరికే: క్యామ్ కింద, వాల్వు పైన, రెంటి మధ్య కడ్డీ. చెట్టు కింద కూర్చుని హెడ్డు దించి మళ్లీ ఎక్కించినా టైమింగు చెదరదు. అది ఇన్నాళ్లు నిలబడటానికి ఒక కారణం ఇదే.

పని తీరు తేలికగానే అర్థమవుతుంది. క్యామ్ షాఫ్టు మీది ఉబ్బు టాపెట్‌ను పైకి నెడుతుంది, టాపెట్ పుష్ రాడ్డును నెడుతుంది, రాడ్డు రాకర్ ఆర్మ్ ఒక కొసను లేపుతుంది. రాకరు ఏతం లాంటిది: ఒక కొస లేస్తే రెండో కొస దిగి వాల్వును నొక్కుతుంది. ఏతానికి మాదిరే దీని రెండు చేతులూ సమానంగా ఉండనక్కర్లేదు. వాల్వు వైపు చెయ్యి ఒకటిన్నర రెట్లు పొడవుంటే రాడ్డు వైపు ఒక మిల్లీమీటరు కదలిక వాల్వు దగ్గర ఒకటిన్నర మిల్లీమీటర్లు అవుతుంది. తేడాలు కూడా అదే లెక్కన పెరుగుతాయి. రాడ్డు వైపు అర మిల్లీమీటరు తప్పు వాల్వు దగ్గరకొచ్చేసరికి ముప్పావు మిల్లీమీటరు.

ఆ తప్పు ఎక్కణ్నుంచి వస్తుంది? కంపెనీలో సరిగా కోసిన కడ్డీయే కదా. నిజమే, అది మారలేదు. మారింది దాని చుట్టూ ఉన్నవన్నీ.

ఇరవై ఏళ్లు నడిచిన ఇంజను ఎన్ని చేతులు దాటి ఉంటుందో ఒకసారి చూడాలి. గ్యాస్కెట్ పోయింది, హెడ్డు వంకర తిరిగిందని లేత్ షాపులో ఫేసింగు చేయించారు. హెడ్డు అర మిల్లీమీటరు అరిగితే రాకరు అంతమేర క్యామ్‌కు దగ్గరవుతుంది. కొలతలో రాడ్డు పెరగకపోయినా పనిలో అర మిల్లీమీటరు పొడవెక్కినట్టే. కంప్రెషన్ పోతోందని వాల్వు సీట్లు కోయించారు. సీటు లోతైతే వాల్వు హెడ్డులోకి ఇంకాస్త ఎక్కి కూర్చుంటుంది, దాని కాడ పైకి పొడుచుకొస్తుంది. అది రాకరు ఒక కొసను లేపుతుంది, రెండో కొస దిగి రాడ్డు మీద వాలుతుంది. కాడ కొన గుంట పడిందని గ్రైండింగు చేస్తే ఇందుకు తిరుగుడు: రాకరుకూ కాడకూ మధ్య గ్యాపు పెరుగుతుంది. పిస్టనుకూ హెడ్డుకూ మధ్య ఖాళీ చాలడం లేదని సిలిండరు కింద షిమ్ములు వేశారు. అప్పుడు హెడ్డుతో పాటు రాకరూ పైకి జరుగుతుంది, రాడ్డు పొట్టిదవుతుంది. అరిగిన క్యామ్‌ను గ్రైండింగుకు ఇస్తే ఉబ్బు లేని గుండ్రటి భాగం, అంటే దాని మూల వలయమే చిన్నదై టాపెట్ కిందికి దిగుతుంది. గ్యాస్కెట్ మందం మారినా ఇదే కథ. ఇవన్నీ ఒక్కరే చేసిన పనులు కావు. ఒకటి ఊళ్లో, ఒకటి వినుకొండలో, ఒకటి మార్కాపురంలో, వేర్వేరు ఏళ్లలో జరిగి ఉంటాయి. ఎవరి పని వారు సరిగానే చేసి ఉండొచ్చు. మొత్తం కలిపి కూడిక వేసినవాళ్లు లేరు, అంతే.

ఈ తేడాలన్నిటినీ కనబడకుండా చేసేది రాకరు కొసనున్న అడ్జస్టింగు స్క్రూ. మెకానిక్ ఫీలర్ గేజి పెట్టి, స్క్రూ తిప్పి, గ్యాపు సరిచేసి లాక్ నట్టు బిగిస్తాడు. దాన్నే అందరూ టాపెట్ సెట్టింగు అంటారు. చాలా డీజిల్ ఇంజన్లలో ఆ గ్యాపు చల్లగా ఉన్నప్పుడు 0.20 నుంచి 0.40 మి.మీ. మధ్య ఉంటుంది. కచ్చితమైన అంకె ఆ ఇంజను పుస్తకంలోదే తీసుకోవాలి. గ్యాపు మరీ ఎక్కువైతే టకటకమని చప్పుడు. చప్పుడు వినిపిస్తుంది కాబట్టి రైతు తీసుకొస్తాడు. ప్రమాదమంతా గ్యాపు లేకపోవడంలో ఉంది, ఎందుకంటే అప్పుడు ఇంజను నిశ్శబ్దంగా, బాగున్నట్టే ఆడుతుంది. లోపల వాల్వు పూర్తిగా మూసుకోదు. ఎగ్జాస్ట్ వాల్వుకు చల్లబడే అవకాశం ముఖ్యంగా సీటును తాకి ఉన్నప్పుడే. ఆ తాకిడి దక్కకపోతే అంచు కాలిపోతుంది.

గ్యాపు సరిగా ఉందంటే అంతా సరిగా ఉన్నట్టు కాదన్నది ఇక్కడ ముఖ్యమైన సంగతి. గ్యాపు వాల్వు మూసి ఉన్నప్పటి కొలత. వాల్వు తెరుచుకుంటున్నప్పుడు రాకరు ఎలా కదులుతోందో అది చెప్పదు. రాకరు కొస సరళ రేఖలో దిగదు, వృత్తంలో ముక్కలా వంపు తిరుగుతూ దిగుతుంది. వాల్వు మాత్రం గైడులో నిటారుగానే దిగాలి. ఈ రెంటికీ పొంతన కుదరని మేరకు రాకరు కొస వాల్వు కాడ మీద అడ్డంగా జారుతుంది. ఆ జారుడు ఎంతన్నది రాకరు ఏ కోణంలో మొదలైందన్న దాన్నిబట్టి ఉంటుంది. లెక్క వేసి చూడొచ్చు. రాకరు చెయ్యి 40 మి.మీ., వాల్వు దిగేది 10 మి.మీ. అనుకుంటే, సగం దిగినప్పుడు చెయ్యి వాల్వు కాడకు సరిగ్గా లంబంగా ఉండేలా అమరిస్తే జారుడు 0.31 మి.మీ. అదే, మూసి ఉన్నప్పుడే లంబంగా ఉండేలా అమరిస్తే 1.27 మి.మీ. నాలుగు రెట్లు. ఆ జారుడు వాల్వును పక్కకు తోస్తుంది, గైడు కోడిగుడ్డు ఆకారంలో అరుగుతుంది, ఆ సందులోంచి ఆయిలు దిగి పొగ మొదలవుతుంది. రైతు రింగులు పోయాయనుకుంటాడు. రింగులు మార్చినా పొగ తగ్గదు.

పుష్ రాడ్డు పొడవుతో ఈ కోణం సరిదిద్దవచ్చా అంటే, రాకరు ఎలా బిగించి ఉందో చూసి జవాబు చెప్పాలి. 1955లో షెవ్రొలే తన చిన్న వీ8 ఇంజనులో ఒక్కో రాకరును ఒక్కో స్టడ్డు మీద నట్టుతో నిలిపింది. అక్కడ నట్టును బిగిస్తే రాకరు మొత్తం దిగుతుంది, వదిలితే లేస్తుంది. కాబట్టి రాడ్డు పొడవే రాకరు ఎత్తును, దాని కోణాన్ని తేలుస్తుంది. అమెరికాలో ఇంజను కట్టేవాళ్లు పుష్ రాడ్డు పొడవు మీద అంత పట్టుదలగా ఉండటానికి కారణమదే. మన ట్రాక్టర్లలో రాకర్లన్నీ ఒకే షాఫ్టు మీద, స్టాండ్లకు బిగించి ఉంటాయి. ఇక్కడ రాకరుకూ వాల్వుకూ మధ్య కోణాన్ని నిర్ణయించేది షాఫ్టు ఎత్తు, వాల్వు కాడ ఎత్తు. రాడ్డు పొడవు మారితే ప్రధానంగా మారేది అడ్జస్టింగు స్క్రూ ఎంత బయటికొచ్చిందన్నదే. ఈ తేడా తెలియకుండా అమెరికా వీడియోలు చూసి ట్రాక్టరుకు పొడవు రాడ్లు వెతకడం దండగ. సీట్లు లోతుగా దిగిపోయిన హెడ్డుకు కొత్త సీట్లు వేయించడమో, స్టాండ్ల కింద షిమ్ములు పెట్టడమో చెయ్యాలి. షిమ్ములు పెట్టాక స్క్రూకు దారి చాలకపోతే అప్పుడు రాడ్డు సంగతి చూడాలి.

కొలిచే పద్ధతికి పెద్ద ఖర్చేమీ లేదు. కావలసింది వరస. హెడ్డు, సీటు, క్యామ్ పనులన్నీ ముగిశాక, వాడబోయే గ్యాస్కెట్ మందంతోనే హెడ్డు బిగించి, అప్పుడే రాడ్డు దగ్గరకు రావాలి. పిస్టను కంప్రెషన్ స్ట్రోకు పై కొసకు తేవాలి, రెండు టాపెట్లూ క్యామ్ మూల వలయం మీద ఉండాలి. గ్యాపు సరిచేశాక స్క్రూ మర మధ్యలో ఎక్కడో ఆగితే మంచిదే. లాక్ నట్టుకు పట్టు దొరకనంత చివరికి పోయిందంటే రాడ్డు పొడవు ఇక సరిపోవడం లేదని అర్థం. తర్వాత వాల్వు కాడ కొనకు మార్కరు ఇంకుగానీ ప్రష్యన్ బ్లూగానీ పూసి, ఇంజనును చేత్తో నాలుగైదుసార్లు తిప్పి, రాకరు తీసి చూడాలి. ఇంకు చెరిగిన గీత సన్నగా, కాడ నడుమ ఉండాలి. వెడల్పుగా ఉంటే కోణం తప్పింది. అంచుకు పోతే వెంటనే ఆపాలి, ఆ స్థితిలో ఇంజను స్టార్టు చేయకూడదు.

కొత్త పొడవు కావాలని తేలితే అందాజుగా కోయించకూడదు. కొలత కోసం పొడవు మార్చగలిగే రాడ్డు ఒకటి ఉండాలి. పాత రాడ్డును కోసి, మధ్యలో మర, లాక్ నట్టు పెట్టిస్తే లేత్ షాపులోనే తయారవుతుంది. అంగుళానికి 20 మరలుంటే ఒక్క చుట్టుకు 1.27 మి.మీ. అంటే పావు చుట్టుకు 0.32 మి.మీ. తెలిసిపోతుంది. దాన్ని కొలతకే వాడాలి, ఇంజను ఆడించడానికి కాదు. ఇంకో జాగ్రత్త: చాలా రాడ్లకు కింద గుండు, పైన గిన్నె ఉంటాయి. గిన్నె అంచు నుంచి కొలిచేవాడికి ఒక అంకె, గిన్నె అడుగు నుంచి కొలిచేవాడికి ఇంకో అంకె వస్తాయి. గిన్నెలో తెలిసిన సైజు బేరింగు గుండు పెట్టి దానిమీద కొలిచి, గుండు వ్యాసం తీసేస్తే ఎవరు కొలిచినా ఒకటే వస్తుంది.

కురిచేడు లాంటి ఊళ్లలో పుష్ రాడ్లకు ఇంజను ఆడేటప్పుడే కాదు, ఆడకుండా ఉన్నప్పుడూ దెబ్బ తగులుతుంది. కాలువకు నీళ్లు ఆగిపోయాక ఇంజను నెలల తరబడి షెడ్డులోనో, చెట్టుకిందో పడి ఉంటుంది. సైలెన్సరులోకి వాన నీళ్లు దిగి ఎగ్జాస్ట్ వాల్వు కాడ తుప్పుపట్టి గైడులో బిగుసుకుంటుంది. నీళ్లు వదిలిన రోజు తొందరలో హ్యాండిలు వేసి తిప్పితే క్యామ్ తోస్తుంది, వాల్వు కదలదు, మధ్యలో కడ్డీ వంగుతుంది. కవరు విప్పి వాల్వులు చేత్తో నొక్కి చూసి, కాడల మీద నాలుగు చుక్కల ఆయిలు వేసి తిప్పితే ఈ నష్టం తప్పుతుంది. రాడ్డు వంగిందేమోనన్న అనుమానముంటే అద్దం పలక మీద దొర్లించాలి. తిన్ననిది జారుగా పోతుంది, వంగినది ఎగిరెగిరి పడుతుంది. సుత్తితో సరిచేసి మళ్లీ వాడటం కన్నా కొత్తది వేయడమే మేలు. అది ఇంజనులో అన్నిటికన్నా చవకైన భాగాల్లో ఒకటి.

వేడి సంగతీ లెక్కలోకి రావాలి. 200 మి.మీ. పొడవున్న ఉక్కు 80 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 0.19 మి.మీ. సాగుతుంది. అదే పొడవు అల్యూమినియం 0.37 మి.మీ. సాగుతుంది. అందుకే బ్లాకు ఏ లోహం, రాడ్డు ఏ లోహం అన్నదాన్నిబట్టి చల్లటి గ్యాపు మారుతుంది. మద్రాసు తిరువొత్తియూరులో తయారైన పాత బుల్లెట్ 350లో రాడ్డు తేలిక లోహానిది, అడ్జస్టరు రాడ్డు అడుగున ఉంటుంది. దానికి ఫీలర్ గేజి అక్కర్లేదు. చల్లటి ఇంజనులో రాడ్డు వేళ్లతో తిప్పితే తిరగాలి, పైకీ కిందికీ మాత్రం ఆడకూడదు. ఆ వేళ్ల లెక్కను తీసుకొచ్చి ఆయిల్ ఇంజనుకు పెడితే వాల్వు కాలుతుంది.

పుష్ రాడ్డంటే పాతకాలపు మొరటు వస్తువని చిన్నచూపు చూడనక్కర్లేదు. 1994లో ఇండియానాపోలిస్ 500 రేసు గెలిచిన మెర్సిడెస్ బెంజ్ ఇంజను పుష్ రాడ్లదే. నడిపింది ఆల్ అన్సర్ జూనియర్. ఇల్మోర్ కంపెనీ దాన్ని కట్టేటప్పుడు క్యామ్ షాఫ్టును వీలైనంత పైకి జరిపి రాడ్లను బాగా పొట్టిగా చేసింది. పొట్టి రాడ్డు తేలిక, వంగదు, వేగానికి తట్టుకుంటుంది.

బుల్లెట్ ఇప్పుడు ఆ దారి వదిలింది. 2023లో వచ్చిన కొత్త బుల్లెట్ 350లో క్యామ్ హెడ్డులోకి చేరింది. ట్రాక్టరు అంత త్వరగా వదిలేలా లేదు. కాబట్టి హెడ్డు లేత్ షాపుకు పోయేటప్పుడు ఒక చీటీ వెంట పోవాలి: ఫేసింగులో ఎంత తీశారు, సీటు ఎంత దిగింది, కాడ ఎంత అరగదీశారు, గ్యాస్కెట్ మందమెంత. ఈ నాలుగు అంకెలూ రాసి ఇమ్మని ఇంజను సొంతదారు అడగాలి, బిగించే మెకానిక్ వాటిని కూడి చూసుకున్నాకే రాడ్లు దించాలి.