ప్రాణము నిలుపు బాణము

తూర్పు ఆఫ్రికాలోని కాంబా, వాటా జాతుల వేటకాండ్రు ఆకొకాంథెరా యను చెట్టు కొమ్మలను కాచి, చిక్కని విషము దీసి, బాణపు ములుకులకు పూసి ఏనుగులను సైతము నేలగూల్చెడివారు. వేటకాడు పన్నిన తీగ యుచ్చు కాలి యెముక వఱకు కోసికొనిపోయి, పుండు చీముపట్టి, నొప్పిచే ఉన్మాదము నొందిన రెండు టన్నుల ఖడ్గమృగమును వైద్యుడు సమీపింపవలెనన్నచో, ఆ బాణమే వేఱొక జన్మమెత్తవలసి వచ్చెను.

ఆ జన్మము 1950ల దశకమున జరిగినది. అమెరికాలోని జార్జియా యందు జాక్ క్రాక్‌ఫర్డ్ బృందము నికోటిన్ నింపిన సూదిబాణముతో జింకలను పట్టెను. న్యూజీలాండు దేశమున, 1956లో ఒకసారి వాడి పాఱవేయదగు ప్లాస్టిక్ సిరంజికి రూపకల్పన చేసిన కాలిన్ మర్డాక్, మత్తుబాణములను విసరు తుపాకులను గూడ తీర్చెను. బాణమనగా నిజమునకు ఎగిరెడు సిరంజియే. ముందు సూది, గొట్టములో మందు, దాని వెనుక రబ్బరు బిరడా, ఆ వెనుక చిటికెడు పేలుడు పదార్థము, తోకకు కుచ్చు. తోలును తాకిన అదరుపాటునకు పేలుడు రగిలి, పుట్టిన వాయువు బిరడాను నెట్టగా, మందు క్షణమాత్రమున కండరములోనికి దిగును.

యంత్రము సిద్ధమైనను మందు సిద్ధము కాలేదు. నికోటిన్ విషయమున చాలిన మోతాదునకును చంపు మోతాదునకును ఎడము వెండ్రుకవాసి. కండరములను స్తంభింపజేయు మందులిచ్చిన మృగము కదలలేక పడియుండియు, స్పృహ చెడక, ప్రతి కోతను అనుభవించుచుండెను. ఇంతకన్న క్రూరమగు చికిత్స వేఱొకటి నా యూహకందదు. 1958 డిసెంబరున కరీబా ఆనకట్ట వెనుక జాంబెజీ జలములు పెరుగ నారంభింపగా, రూపర్ట్ ఫాదర్‌గిల్ బృందము దీవులలో చిక్కిన సుమారు 6,000 జంతువులను వలలతో, త్రాళ్లతో, వట్టి చేతులతో ఒడ్డు చేర్చెను. ఖడ్గమృగములకు మాత్రము అది చాలక, పశువైద్యుడు టోనీ హార్తూర్న్ సూదిబాణములను ఆశ్రయింపవలసి వచ్చెను.

అటుపిమ్మట కెనెత్ బెంట్లీ బృందము నల్లమందు మొక్కలోని క్షారాభము (ఆల్కలాయిడ్) నుండి ఎటార్ఫిన్ అను, మార్ఫిన్ కంటె వేయిరెట్లకు మించిన బలముగల ఔషధమును వెలుగులోనికి దెచ్చెను. కొన్ని మిల్లీగ్రాములకే ఖడ్గమృగము మోకరిల్లును గనుక చిన్న బాణమే చాలును. నాటాల్‌లోని ఉంఫలోజీ అడవిలో ఇయాన్ ప్లేయర్, హార్తూర్న్‌లు ఇదే ఆధారముగ తెల్ల ఖడ్గమృగములను పట్టి, వానికి క్రొత్త నెలవులు చూపిరి. ఐనను నా మట్టుకు ఈ యంత్రము పూర్ణత నొందినది, తుపాకి గుఱి కుదిరిన నాడు గాదు, తొలుత నాలోర్ఫిన్, పిదప డైప్రెనార్ఫిన్ అను విరుగుడులు చేతికి వచ్చిన నాడు.

ఏలయన ఆపద బాణము తగిలిన పిమ్మటనే మొదలగును. మోతాదు తగ్గినచో మృగము పడదు సరిగదా, వెఱ్ఱిపరుగు దీసి, దేహము కాగి, కండరములు చెడి, రోజుల తరువాతనైన చచ్చును. ఏనుగు ఊపిరితిత్తులు ఱొమ్ము గోడకు అంటియుండును గావున, అది ఱొమ్ముపై కూలబడినచో తక్షణమే త్రాళ్లతో ప్రక్కకు ఒరిగింపనియెడల శ్వాస నిలుచును. ఎటార్ఫిన్ అంటిన సూది వైద్యుని చర్మమును గీరుకొన్నను ప్రాణాంతకమే. మనుష్యుల కొఱకును విరుగుడు ప్రక్కన పెట్టుకొనియే సీసా విప్పుదురు.

పడిన ఖడ్గమృగము కండ్లకు గుడ్డ కప్పి, దేహముపై నీళ్లు చల్లుచుండగా ఉచ్చు తీగను కోసి, పుండు కడిగి, మందు పట్టించి, చెవి నరమున విరుగుడెక్కించి, గుడ్డ లాగి అందఱును బండ్ల వైపు పరుగెత్తుదురు. ఒకటి రెండు నిమిషములకు ఆ చెవి కదలును. ఊపిరి దీర్ఘమగును. ముంగాళ్లపై తడబడుచు లేచి నిలచిన ఖడ్గమృగము ఒకమాఱు గాలి వాసన పట్టి, కుంటుచునే ముండ్లపొదలలోనికి సాగిపోవును.