గాజుగోడల నడుమ సాగరం

నవరత్నాలలో పగడానికి స్థానం ఉంది. కుజదోష శాంతికోసం పగడపు ఉంగరం ధరించేవారినీ, మంగళసూత్రంలో నల్లపూసల సరసన పగడాలు గుచ్చుకునే స్త్రీలనూ మనం చూస్తూనే ఉంటాం. అయితే ఆ ఎర్రని పూస రాయి కాదనీ, సముద్రగర్భంలో ఒక ప్రాణిసమూహం నిర్మించుకొన్న గృహంలోని తునక అనీ తెలిసినవారు తక్కువ. ఆభరణాలకు వాడే పగడం ఎక్కువగా మధ్యధరా సముద్రంలో లభించే జాతి. దానికి దూరపు బంధువులైన వేరే జాతులు ఉష్ణమండల సముద్రాలలో, సూర్యరశ్మి సోకే లోతులేని జలాల్లో పెద్దపెద్ద దిబ్బలు కడతాయి. వాటినే పగడపు దిబ్బలు అంటారు. సముద్రతలంలో ఒక శాతమైనా ఆక్రమించని ఈ దిబ్బలను ఆశ్రయించి సముద్రజీవజాతులలో దాదాపు నాలుగోవంతు జీవిస్తున్నాయి.

పగడపు జీవిని పాలిప్ అంటారు. చిన్న సంచివంటి శరీరం, నోటిచుట్టూ స్పర్శకాలు, అడుగున సున్నపు పీఠం, ఇంతే దాని నిర్మాణం. దాని కణజాలంలో కంటికి కనిపించని శైవలాలు నివసిస్తాయి. అవి కిరణజన్య సంయోగక్రియ ద్వారా తయారుచేసిన ఆహారంలో అధికభాగాన్ని పగడానికి ఇస్తాయి. పగడం వాటికి రక్షణను, తన వ్యర్థాల రూపంలో పోషకాలను సమకూరుస్తుంది. జంతువుకూ, శైవలానికీ మధ్య సాగే ఈ సహజీవనం చెడితే పగడం బతకదు. ఇంత సున్నితమైన జీవలోకాన్ని ఇంటి హాలులో ఒక గాజుతొట్టిలో నిలుపుకోవాలనే కోరిక మనిషికి ఎందుకు కలిగిందో చెప్పడం కష్టం. కలిగిందన్నది మాత్రం చరిత్ర.

1846లో ఇంగ్లండులోని టార్కీ తీరానికి వెళ్లిన అన్నా థిన్ అనే మహిళ అక్కడ దొరికిన చిన్న పగడపు ప్రాణులను ఒక జాడీలో పెట్టుకొని లండన్‌కు తెచ్చింది. ఎప్పటికప్పుడు కొత్త సముద్రపునీరు తెప్పించడం ఆ రోజుల్లో తేలిక కాదు. అందువల్ల ఉన్న నీటినే కిటికీ దగ్గర నిలబడి ఒక పాత్రనుంచి మరొక పాత్రలోకి పదేపదే పోసే పనిని ఆమె తన సేవకురాలికి అప్పగించింది. మన ఇళ్లలో వేడిపాలను గ్లాసులోంచి గ్లాసులోకి తిరగబోసి చల్లార్చినట్లే అన్నమాట. నీటిలో గాలి కలిసేది, ప్రాణులు బతికేవి. తరవాత ఆమె సముద్రపు నాచును కూడా ఆ పాత్రలలో చేర్చింది. నేటి అక్వేరియంలలో విద్యుత్తు పంపులు చేసే పనిని ఆ రోజుల్లో పేరైనా నమోదు కాని ఒక పనిమనిషి చేతులు చేశాయన్న సంగతి గుర్తుంచుకోదగినది.

ఆ తరువాత శతాబ్దానికి పైగా సముద్రపు అక్వేరియంలలో పగడాలు అరుదు. పగడాలను తెచ్చినా అవి కొద్దివారాలలో చనిపోయేవి. 1961లో జకార్తా నగరానికి చెందిన లీ చిన్ ఇంగ్, సముద్రంనుంచి తెచ్చిన సజీవశిలలను తొట్టిలో పేర్చి, సన్నని గాలిబుడగలు తప్ప మరే వడపోతా లేకుండా పగడాలను పెంచిన తీరును ఒక అమెరికా పత్రికలో వివరించాడు. సజీవశిల అంటే ప్రాణమున్న రాయి కాదు. బాక్టీరియా, నాచు, పురుగులు కాపురమున్న సచ్ఛిద్రమైన సున్నపురాయి. జర్మనీలోని బెర్లిన్ నగరపు ఔత్సాహికులు ఈ శిలలకు తీవ్రమైన వెలుతురును, నురుగు తీసే యంత్రాన్ని జోడించారు. ఈనాటి గృహ అక్వేరియంలలో అధికభాగం ఆ బెర్లిన్ పద్ధతికి వారసులే.

ఇక నిర్మాణం సంగతి చూద్దాం. ఎనిమిది అడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల ఎత్తుగల తొట్టిని ఉదాహరణగా తీసుకొందాం. దాని ఘనపరిమాణం 60 ఘనపుటడుగులు. అందులో దాదాపు 1,700 లీటర్ల నీరు పడుతుంది. ఉప్పునీరు మంచినీటికంటే బరువైనది కాబట్టి ఒక్క నీటి బరువే 1,740 కిలోలు. గాజు, రాళ్లు, ఇనుప చట్రం కలిపితే రెండున్నర టన్నులకు చేరుతుంది. ఈ బరువంతా 24 చదరపుటడుగుల నేలమీద నిలుస్తుంది. చదరపు మీటరుకు పదకొండువందల కిలోలన్నమాట! మనదేశంలో నివాసగృహాల గదులను చదరపు మీటరుకు సుమారు 200 కిలోల భారాన్ని దృష్టిలో ఉంచుకొని రూపొందిస్తారు. కనుక మేడమీది గదిలో ఇంతటి తొట్టిని పెట్టదలచినవాడు ముందుగా వెళ్లవలసింది చేపల దుకాణానికి కాదు, నిర్మాణ ఇంజనీరు వద్దకు. నేల అంతస్తు అన్నివిధాలా మేలు.

గాజు మందాన్ని నిర్ణయించేటప్పుడు పొడవుకంటే ఎత్తు ముఖ్యం. నీటిపీడనం లోతును బట్టి పెరుగుతుందని భౌతికశాస్త్రంలో చదువుకొన్నదే. పై తొట్టి ముందరి గాజుపలకను నీరు సుమారు 700 కిలోల బరువుకు సమానమైన బలంతో బయటికి నెడుతూ ఉంటుంది. పగలనక, రాత్రనక ఆ బలాన్ని ఆపుతున్నది పలకల అంచులను అతికించిన సిలికోన్ జిగురు. చట్రం ఒక మూల కొద్దిగా కుంగినా ఆ అతుకుమీద ఒత్తిడి పెరుగుతుంది. అందువల్ల నేల చదునును రసమట్టంతో సరిచూసి, తొట్టిని మొదట మంచినీటితో నింపి కొన్నిరోజులు గమనించిన తరువాతనే ముందుకు సాగాలి.

తొట్టి అడుగున ఉండే బీరువావంటి చట్రంలో మరొక చిన్న తొట్టి ఉంటుంది. దీనిని సంప్ అంటారు. మన ఇళ్లలో నేలకింద నీళ్లు నిలవచేసే సంపుకూ దీనికీ పేరొక్కటే. పనిలోనూ కొంత పోలిక ఉంది. పై తొట్టి అంచునుంచి పొర్లిన నీరు గొట్టంద్వారా సంప్‌లోకి దిగుతుంది. అక్కడ శుభ్రపడి, వేడిమి సరిదిద్దుకొని, పంపుద్వారా తిరిగి పైకి వెళుతుంది. కరెంటు పోయినప్పుడు ఏమవుతుందో ఆలోచించకుండా ఈ ఏర్పాటు చేసినవారు నష్టపోతారు. పంపు ఆగినా పైనీరు కొంతసేపు కిందికి దిగుతూనే ఉంటుంది. మన ఉదాహరణలో ఒక్క అంగుళం మట్టం తగ్గితే 57 లీటర్లు దిగుతాయి. నీటిని పైకి చేర్చే గొట్టం చివర లోతుగా మునిగి ఉంటే, సైఫన్ సూత్రం వల్ల అది కూడా తొట్టిని కిందికి తోడేస్తుంది. సంప్‌లో ఆ నీటికి తగిన ఖాళీ లేకపోతే హాలు మడుగవుతుంది. దీనికి పరీక్ష సులభం. అన్నీ అమర్చిన తరువాత, ప్రాణులను విడువకముందే, యజమాని తన చేతులతో తానే పంపు ఆపి చూడాలి.

నీటిని తయారుచేయడం తదుపరి ఘట్టం. కుళాయి నీటిలో ఉండే క్లోరిన్, నైట్రేటు, ఫాస్ఫేటు, రాగివంటివి పగడాలకు హానికరం. మన వీధుల్లోని మంచినీటి ప్లాంట్లు వాడే ఆర్.ఓ. విధానంతో వడకట్టి, మిగిలిన లవణాలను రెసిన్‌తో తొలగించిన నీటిలో సముద్రలవణ మిశ్రమాన్ని కలపాలి. లీటరుకు 35 గ్రాముల లెక్కన మన తొట్టికి అరవై కిలోల ఉప్పు అవసరం. వంట ఉప్పు ఇందుకు పనికిరాదు. సముద్రపు ఉప్పులో సోడియం క్లోరైడుతోపాటు మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం లవణాలు నిర్ణీత పాళ్లలో ఉంటాయి. ఆవిరయ్యేది నీరే, ఉప్పు కాదు. ఇంత తొట్టినుంచి రోజుకు పది, పదిహేను లీటర్లు ఆవిరికావచ్చు. ఆ లోటును మంచినీటితో పూడ్చాలి. పొరపాటున ఉప్పునీటితో పూడ్చితే లవణీయత రోజురోజుకూ పెరుగుతుంది. సముద్రం తన మట్టాన్ని తాను చూసుకొంటుంది. తొట్టికి ఆ భాగ్యం లేదు.

నీరు సిద్ధమై, రాళ్లు పేర్చిన తరువాత చేయవలసిన పని ఒక్కటే. ఎదురుచూడడం. చాలామంది ఓడిపోయేది ఇక్కడే. చేపల విసర్జనలు, మిగిలిన ఆహారం కుళ్లి అమ్మోనియాగా మారతాయి. అది విషం. ఒక జాతి బాక్టీరియా దానిని నైట్రైటుగా మారిస్తే, మరొక జాతి ఆ నైట్రైటును అంతగా హాని చేయని నైట్రేటుగా మారుస్తుంది. రాతి లోపలి పొరలలో, ఆక్సిజన్ చొరని చోట, ఇంకొన్ని బాక్టీరియా నైట్రేటును నత్రజని వాయువుగా విడగొడతాయి. ఈ బాక్టీరియా రాళ్లపై స్థిరపడటానికి సాధారణంగా నాలుగునుంచి ఆరువారాలు పడుతుంది. అంతవరకు ఖాళీ తొట్టిలో అమ్మోనియా కొలుచుకొంటూ కూర్చోవాలి. తరువాతనైనా అందం వెంటనే రాదు. గోధుమరంగు పూత, ఆపైన జుట్టువంటి పచ్చని నాచు తొట్టినంతా కప్పేస్తాయి. లక్షలు పోసి నాచు పెంచావా అని బంధువులు నవ్వే రోజులవి. గట్టి అస్థిపంజరంగల పగడాలను చేర్చడానికి ఆరునెలలు, ఒక్కొక్కసారి సంవత్సరం ఆగడమే వివేకం.

నురుగు తీసే యంత్రాన్ని ప్రోటీన్ స్కిమ్మర్ అంటారు. గాలిరోజున విశాఖ తీరంలో అలలు వదిలిపోయే నురుగును చూసినవారికి దాని సూత్రం సులభంగా అర్థమవుతుంది. నీటిలోని సేంద్రియ పదార్థాలు గాలిబుడగల ఉపరితలానికి అంటుకొని పైకి తేలుతాయి. యంత్రం ఆ మురికినురుగును ఒక గిన్నెలోకి నెట్టివేస్తుంది. వెలుతురుకు ఒకప్పుడు మెటల్ హేలైడ్ దీపాలు వాడేవారు. ఇప్పుడు నీలికాంతి అధికంగాగల ఎల్.ఇ.డి. దీపాలే ఎక్కువ. సముద్రజలంలో లోతుకు పోయేకొద్దీ ఎరుపు ముందుగా అంతరించి నీలం మిగులుతుంది. శైవలాలు అలవాటుపడినది ఆ కాంతికే. ఇక ప్రవాహం. పగడం కదలలేదు, ఆహారాన్నీ ఆక్సిజన్‌నూ నీరే దాని వద్దకు తేవాలి. అందుకే ఒకే దిశలో కాక, అలలవలె దిశ మార్చుకొంటూ నీటిని తోసే పంపులు అమరుస్తారు.

పగడాలు పెరిగేకొద్దీ నీటిలోని కాల్షియాన్నీ క్షారత్వాన్నీ హరిస్తాయి. కాల్షియం లీటరుకు 400 నుంచి 450 మిల్లీగ్రాముల మధ్య నిలవాలి. దీనికి జర్మన్ ఔత్సాహికులు ప్రచారంలోకి తెచ్చిన ఉపాయం పేరు కాల్క్‌వాసర్. గంభీరమైన పేరేగాని, దాని అర్థం సున్నపు నీరు. తాంబూలానికి వాడే సున్నాన్ని నీటిలో కలిపి ఉంచితే పైన తేరే తేట వంటిదే అది. అక్వేరియంకు మాత్రం శుద్ధమైన కాల్షియం హైడ్రాక్సైడునే వాడాలి. దాని క్షారగుణం చాలా తీవ్రం కనుక చుక్కచుక్కగా, సాధారణంగా రాత్రివేళ వదలాలి. ఒక్కసారి కుమ్మరిస్తే తొట్టెడు ప్రాణులూ చనిపోవచ్చు.

అన్నిటికంటే కఠినమైన పరీక్ష వేడిమి. నీరు 24 నుంచి 27 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. మన ఎండాకాలంలో దీపాల వేడి, పంపుల వేడి తోడై నీరు 30 డిగ్రీలు దాటడం ఎంతోసేపు పట్టదు. తాను అలవాటుపడిన వేసవి గరిష్ఠానికి ఒక్క డిగ్రీ మించిన వేడిమి కొన్నివారాలు నిలిస్తే చాలు, పగడం తనలోని శైవలాలను వెలివేస్తుంది. రంగు పోయి తెల్లని అస్థిపంజరం కనిపిస్తుంది. దీనినే వివర్ణత అంటారు. వేడి త్వరగా తగ్గితే కోలుకోవచ్చు. లేకుంటే ఆకలితో మరణిస్తుంది. కాబట్టి ఇక్కడ శీతలీకరణ యంత్రం విలాసం కాదు. కరెంటు పోతే ఆదుకొనే బ్యాటరీ, జనరేటరు, తడిచేతికి షాకు తగలకుండా విద్యుత్తును తక్షణం ఆపే రక్షణ స్విచ్చు కూడా మొదటి అంచనాలోనే చేరాలి.

తొట్టి సిద్ధమైనా అందులో ఏ ప్రాణులను ఉంచవచ్చునన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. మనదేశంలో మన్నారు సింధుశాఖ, కచ్ సింధుశాఖ, లక్షదీవులు, అండమాన్ నికోబార్ దీవులలో పగడపు దిబ్బలున్నాయి. దిబ్బలు కట్టే పగడాలకు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద పులికి ఇచ్చినంత రక్షణ ఉంది. మన తీరజలాలనుంచి ఒక్క కొమ్మ విరిచినా నేరమే. చేపల విషయంలోనూ జాగ్రత్త అవసరం. ఆగ్నేయాసియాలో కొందరు దిబ్బల సందుల్లో సయనైడు చిమ్మి, మత్తెక్కిన చేపలను పట్టి అమ్మేవారు. ఆ విషానికి చుట్టూ ఉన్న పగడాలు కూడా చచ్చేవి. హేచరీలో పుట్టిన చేపను కొంటే ఆ పాపంలో భాగం ఉండదు. మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ క్లౌన్ చేపలను హేచరీలో పుట్టించి పెంచే పద్ధతిని రూపొందించింది. సజీవ పగడాల జోలికి పోకుండా, ఎండు సున్నపురాళ్లతో, ఈ చేపలతో కూడా పైన వివరించిన తొట్టిని నిలుపుకోవచ్చు. శ్రమలో తేడా కొంచెమే.

పెంపుడు తొట్లలో పగడాన్ని ముక్కలుగా కోసి ఒక్కొక్క ముక్కను వేరొక పగడంగా పెంచడం ఇతర దేశాలలో సాధారణం. గులాబీ కొమ్మను నాటినట్లే. అమెరికాలోని ఫ్లోరిడాలో డేవిడ్ వాన్ అనే శాస్త్రజ్ఞుడు, తొట్టిలో ప్రమాదవశాత్తు విరిగిన చిన్న తునకలు పెద్ద పగడంకంటే ఎన్నోరెట్లు వేగంగా పెరగడం గమనించాడు. ఆ పద్ధతిలో పెంచిన పగడాలను తిరిగి సముద్రంలో నాటుతున్నారు. 2023 జులైలో ఆ ప్రాంతపు సముద్రజలం అసాధారణంగా వేడెక్కింది. నీటి అడుగున నర్సరీలలో ఉన్న వేలాది పగడపు తునకలను శాస్త్రజ్ఞులు, స్వచ్ఛంద కార్యకర్తలు పడవలలో ఒడ్డుకు తరలించారు. సముద్రం చల్లబడేవరకు వాటిని పంపులూ, శీతలీకరణ యంత్రాలూ ఉన్న తొట్లలో నిలిపి ఉంచారు.